సెర్చ్‌లో మీ పేజీ ఎక్కడ ఆగిపోయింది? వరసగా వెతికి పట్టుకునే పద్ధతి

సైకిల్ మరమ్మతు మీద నేనొక చిన్న సైటు పెట్టుకున్నాను. మొదటి మూడు నెలలూ దాన్ని చూసినవాళ్ళు దాదాపు లేరు. నేను చేయని పని లేదు. శీర్షికలు మార్చాను, పేరాలు తిరగరాశాను, బొమ్మల బరువు తగ్గించాను, చైను ఊడిపోవడం గురించి ఒకే విషయాన్ని నాలుగు వ్యాసాలుగా రాసి పెట్టాను. చివరికి ఒక రాత్రి పేజీ మూలకోడ్ తెరిచి చూస్తే పై భాగంలో ఒక చిన్న మాట కనిపించింది: నోఇండెక్స్. సైటు తయారవుతున్న రోజుల్లో ఎవరి కంటా పడకూడదని నేనే వేసుకున్న తాళం అది. తయారయ్యాక తీయడం మరిచిపోయాను. వీధి తలుపుకు తాళం వేసుకుని, ఎవరూ రావడం లేదేమని లోపల గోడలకు రంగులు మారుస్తూ కూర్చున్నానన్నమాట.

అప్పటినుంచి సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్, అంటే ఎస్ఈఓ, అన్న మాట వినగానే నేను మొదట అడిగేది ఒకటే: పేజీ ఎక్కడ ఆగింది? జవాబు తెలియకుండా చేసే పనిలో ఎక్కువ భాగం వృథా.

అసలు వెతకడం ఎప్పుడు జరుగుతుంది

సెర్చ్ పెట్టెలో మాట కొట్టగానే గూగుల్ లోకంలోని సైట్లన్నీ తిరిగి చూసి వస్తుందని చాలామంది ఊహ. అలా తిరిగితే ఒక్క జవాబుకు రోజులు పడుతుంది. తిరగడమంతా ముందే అయిపోతుంది. క్రాలర్ అనే ప్రోగ్రామ్ ఒక పేజీని తెచ్చుకుంటుంది, అందులోని లింకులు ఏరుకుంటుంది, వాటి వెంట మరికొన్ని పేజీలకు వెళ్తుంది. గూగుల్ క్రాలర్ పేరు గూగుల్‌బాట్, బింగ్‌ది బింగ్‌బాట్. తెచ్చిన పేజీల్లో పనికొస్తాయనుకున్నవాటిని ఇండెక్స్‌లో ఎక్కిస్తారు. లావుపాటి పుస్తకం చివర పదసూచిక ఉంటుంది కదా, ఫలానా మాట ఫలానా పుటల్లో ఉందని. ఇండెక్స్ అంటే ఆ సూచికే, కాకపోతే వేల కోట్ల పుటలకు. మీరు ‘సైకిల్ చైను’ అని కొడితే ‘సైకిల్’ కింద ఉన్న జాబితా, ‘చైను’ కింద ఉన్న జాబితా తీసి, పొసగేవాటిని ఏరి, వందల ఆనవాళ్ళను బట్టి వరస పెడుతుంది. పర్యాయపదాలు గుర్తించడం, అక్షరదోషాలు సరిదిద్దుకోవడం, ప్రశ్న భావాన్ని పట్టుకోవడం వంటివి దీని మీద కట్టిన అంతస్తులు. పునాది మాత్రం ఈ సూచికే.

అందుకని పేజీ దాటవలసిన గడపలు ఐదు. అది ఉందని క్రాలర్‌కు తెలియాలి. వచ్చి తెచ్చుకోగలగాలి. తెచ్చినదాన్ని సూచికలో దాచుకోవాలి. ఎవరైనా అడిగినప్పుడు వరసలో ముందుకు రావాలి. వచ్చాక మనిషి దాన్ని నొక్కాలి. మూడో గడపలో ఆగిన పేజీకి ఐదో గడప మందు వేస్తే ఏమవుతుందో నా మూడు నెలల కథే చెబుతుంది.

1. సూచికలో ఉందో లేదో చూడండి

గూగుల్ పెట్టెలో ఆంగ్ల అక్షరాలతో ‘సైట్’ అని రాసి, పక్కనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైటు చిరునామా కొట్టండి. మీ పేజీలు వచ్చాయంటే కొన్నైనా సూచికలో ఉన్నట్టు. ఇది చేయి పట్టుకుని నాడి చూడటం లాంటిది, అంతకుమించి నమ్మకండి. ఉన్న పేజీలన్నిటినీ అక్కడ చూపించాలన్న నియమం లేదు. కనిపించే సంఖ్య కూడా ఉజ్జాయింపే.

అసలు పరీక్ష గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చేయాలి. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. సైటు మీదేనని నిరూపించడానికి డొమైన్ డీఎన్ఎస్ రికార్డుల్లో (సైటు పేరు ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే జాబితాలో) ఒక వరుస చేర్చడమో, వాళ్ళిచ్చిన చిన్న ఫైలును సైటులో పెట్టడమో చేస్తే సరిపోతుంది. వీలుంటే మొదటి దారే ఎంచుకోండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ, ఉపడొమైన్లూ అన్నీ ఒకే ఖాతాలో కనిపిస్తాయి. తర్వాత పై భాగంలో ఉన్న పెట్టెలో ఒక పేజీ చిరునామా అతికించండి. ఆ పేజీ సూచికలో ఉందా, గూగుల్‌బాట్ చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఎక్కించుకోకపోతే కారణం ఏమిటి అన్నవి అక్కడే రాసి ఉంటాయి. నేను వేసుకున్న తాళం సంగతి ఈ పెట్టె మొదటిరోజే చెప్పి ఉండేది, నేను అడిగి ఉంటే.

బింగ్‌కు ఇలాంటిదే వెబ్‌మాస్టర్ టూల్స్ ఉంది. పది నిమిషాల పని, అది కూడా పెట్టుకోండి.

2. క్రాలర్‌కు దారి ఉందా

క్రాలర్ లింకుల వెంటే నడుస్తుంది. మీ సైటులో ఉన్న వెతుకులాట పెట్టెలో అది మాటలు కొట్టదు, ‘ఇంకా చూపించు’ అన్న బటన్ నొక్కదు. ఆ బటన్ నొక్కితేనే బయటపడే పాత వ్యాసాలకు వేరే చోటినుంచి లింకు లేకపోతే అవి దారిలేని ఇళ్ళే. ప్రతి పేజీకీ మరో పేజీనుంచి కనీసం ఒక మామూలు లింకు, అంటే హెచ్‌టీఎంఎల్‌లో గమ్యం చిరునామా స్పష్టంగా రాసి ఉన్న లింకు, ఉండాలి. చూడటానికి లింకులా ఉండి, లోపల ప్రోగ్రామ్ కోడ్‌తో మాత్రమే నడిచేవాటిని లెక్కలోకి తీసుకోకండి.

లింకు ఎంత అవసరమో లింకు మీద రాసిన మాటలూ అంతే. ‘ఇక్కడ నొక్కండి’ అన్నది అవతల ఏముందో చెప్పదు, ‘చైను అరిగిందో లేదో కొలిచే విధానం’ అన్నది చెబుతుంది. చదివే మనిషికీ, క్రాలర్‌కూ ఒకేసారి పనికొచ్చే మార్పు ఇది.

సైట్‌మ్యాప్ అన్నది మీ పేజీల చిరునామాల జాబితా. ఒక ఫైలులో 50,000 చిరునామాల వరకు, కుదించకముందు 50 ఎంబీ వరకు పట్టవచ్చు. దాన్ని సెర్చ్ కన్సోల్‌లో ఇవ్వండి. ఈ జాబితాలో పేజీ ప్రాధాన్యం ఎంత, ఎంత తరచుగా మారుతుంది అని రాసే గడులు ఉంటాయి. వాటిని పూరించడానికి తంటాలు పడేవాళ్ళను చూశాను. గూగుల్ ఆ రెండింటినీ పట్టించుకోనని చెప్పేసింది. చివరిసారి మార్చిన తేదీని మాత్రం, అది నిజమైనదని నమ్మకం కుదిరితే, వాడుకుంటుంది. అయినా సైట్‌మ్యాప్ ఆహ్వానమే తప్ప హామీ కాదు. లోపలి లింకులు సరిగా లేని సైటును జాబితా ఒక్కటే కాపాడలేదు.

3. తలుపు తీసి ఉందా

సైటు మూలంలో రోబోట్స్.టీఎక్స్‌టీ అనే ఫైలు ఉంటుంది. ఏ క్రాలర్ ఎక్కడికి వెళ్ళకూడదో అందులో రాస్తారు. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ పద్ధతి దాదాపు మూడు దశాబ్దాలు పెద్దమనుషుల ఒప్పందంగానే నడిచి, 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంగా ప్రమాణం హోదా పొందింది.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటి ఉంది. రోబోట్స్ ఫైలు ‘లోపలికి రావద్దు’ అంటుంది. నోఇండెక్స్ ‘చూసింది చూశావు, జాబితాలో రాయకు’ అంటుంది. రెండూ ఒకటి కావు. ఒక పేజీని సెర్చ్‌లోంచి తీసేయాలని రెండూ కలిపి పెట్టారనుకోండి. క్రాలర్ లోపలికే రాలేదు కనక నోఇండెక్స్ అన్న మాట దాని కంటపడదు. బయట ఎక్కడో ఆ పేజీకి లింకు ఉంటే, లోపల ఏముందో తెలియకపోయినా ఉత్త చిరునామాను ఫలితాల్లో చూపించే అవకాశం మిగిలే ఉంటుంది. తీసేయాలంటే రోబోట్స్ అడ్డు తొలగించి, నోఇండెక్స్ ఒక్కటే ఉంచండి. నిజంగా రహస్యమైనదైతే ఈ రెండూ కాదు, పాస్‌వర్డ్ పెట్టండి. రోబోట్స్ ఫైలును ఎవరైనా తెరిచి చదవవచ్చు. అందులో రహస్య అరల పేర్లు రాయడమంటే దొంగకు ఇంటి పటం గీసి ఇవ్వడమే.

తర్వాత చూడవలసింది సర్వర్ ఇచ్చే సంఖ్యలు. 200 అంటే పేజీ ఉంది. 301 అంటే శాశ్వతంగా వేరే చోటికి మారింది. 404 అంటే లేదు. 503 అంటే ఇప్పుడు కుదరదు, తర్వాత రా. లేని పేజీకి ‘క్షమించండి, దొరకలేదు’ అని అందంగా రాసి, వెనక మాత్రం 200 పంపే సైట్లు ఉంటాయి. మనిషికి తేడా తెలియదు, క్రాలర్ మాత్రం తికమకపడుతుంది. దీన్ని సాఫ్ట్ 404 అంటారు.

పేజీలోని రాత అంతా జావాస్క్రిప్ట్ నడిస్తేనే వచ్చేలా కట్టారా? గూగుల్‌బాట్ 2019నుంచి క్రోమ్ తాజా ఇంజిన్‌తోనే పేజీలను తెరుస్తోంది కనక ఎక్కువగా చదవగలుగుతుంది. అన్ని క్రాలర్లూ అంత సమర్థంగా ఉండవు. ముఖ్యమైన రాత మొదటి హెచ్‌టీఎంఎల్‌లోనే వచ్చేలా చూసుకుంటే ఈ బెంగ ఉండదు. కన్సోల్‌లో ‘ఇప్పుడే పరీక్షించు’ అన్న సదుపాయం వాడితే గూగుల్‌బాట్‌కు మీ పేజీ ఎలా కనిపిస్తోందో తెలుస్తుంది. ఒక్కసారైనా చూడండి.

క్రాల్ బడ్జెట్, అంటే ఒక సైటులో క్రాలర్ ఎన్ని పేజీలు తెచ్చుకుంటుందన్న పరిమితి, అన్న మాట విని కంగారుపడకండి. లక్షల పేజీలున్నవాళ్ళకు, రోజూ వేల పేజీలు మారిపోయేవాళ్ళకు అది సమస్య. మీవి రెండువందలైతే అది మీ సమస్య కాదు.

4. తెచ్చుకుని కూడా ఎక్కించుకోలేదా

కన్సోల్‌లో ‘క్రాల్ చేశాం, ప్రస్తుతం ఇండెక్స్ చేయలేదు’ అన్న అర్థం వచ్చే వరుస కనిపిస్తే, తలుపు దగ్గర ఇబ్బంది లేదు. లోపల చూసింది అట్టే పెట్టుకోదగ్గదిగా అనిపించలేదు. ప్రతి పేజీనీ ఎక్కించుకుంటామని ఏ సెర్చ్ ఇంజిన్ కూడా మాట ఇవ్వలేదు.

మామూలుగా దొరికే కారణం నకళ్ళు. ఒకే పేజీ హెచ్‌టీటీపీతో ఒకసారి, హెచ్‌టీటీపీఎస్‌తో ఒకసారి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఒకసారి, అది లేకుండా ఒకసారి తెరుచుకుంటుంటే మీకు ఒక పేజీ, క్రాలర్‌కు నాలుగు. వాటిలో ఏదో ఒకదాన్ని అది అసలుదిగా ఎంచుకుంటుంది. ఆ ఎంపిక మీరే చేయండి: ఒక్క రూపం తేల్చుకుని మిగతావాటిని 301తో దానికి మళ్ళించండి. మళ్ళించడం కుదరనిచోట, ఉదాహరణకు ఒకే జాబితా ధర వరసలోనూ పేరు వరసలోనూ వేర్వేరు చిరునామాలతో ఉన్నప్పుడు, కెనానికల్ లింకు పెట్టండి. 2009లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఏర్పాటు అది. ‘దీనికి అసలు ప్రతి అక్కడుంది’ అని చెప్పే మాట. ఆజ్ఞ కాదు, గట్టి సూచన.

నకళ్ళు లేకుండా కూడా ఎక్కలేదంటే అద్దం ముందు నిలబడక తప్పదు. ఒక్క పేరా మాత్రమే ఉన్న పేజీ, పేరు మాత్రమే మార్చి నూరు పేజీలు చేసిన మూస, వేరేచోటినుంచి ఎత్తిపెట్టిన వివరణ: వీటికి సాంకేతిక వైద్యం లేదు. కలపండి, పెంచండి, లేదా తీసేయండి.

5. సూచికలో ఉంది, వరసలో వెనకబడింది

ఎస్ఈఓ అనగానే అందరూ మొదలుపెట్టేది ఇక్కడే. మనం మూడు గడపలు దాటి నాలుగోదాని దగ్గరికి వచ్చాం. ఎక్కువసేపు నిలబడవలసిన చోటు కూడా ఇదే.

మొదట చేయవలసింది రాయడం కాదు, చదవడం. మీరు ఏ ప్రశ్నకు దొరకాలనుకుంటున్నారో ఆ ప్రశ్నను మీరే కొట్టి, మొదటి పది ఫలితాలు తెరిచి చూడండి. అవి ఏ రకానివి? దుకాణాలా, వివరణలా, వీడియోలా? ‘సైకిల్ చైను’ అని ఊరికే కొడితే కొనడానికి చూపించే పేజీలు వస్తున్నాయనుకోండి, ఆ మాట కొట్టేవాళ్ళకు కావలసింది చైనే. అక్కడ మీ మరమ్మతు పాఠం ఎంత బాగున్నా పెళ్ళిపందిట్లో పాఠం చెప్పినట్టే. అదే ‘గేరు మార్చినప్పుడల్లా చైను ఊడిపోతోంది’ అని కొట్టినవాడు చేతులకు మసి పూసుకుని నిలబడ్డాడు. వాడికి మీరు కావాలి. ఇలాంటి పొడుగాటి ప్రశ్నలు ఒక్కొక్కటీ కొద్దిమందే అడుగుతారు, అన్నీ కలిస్తే చాలామంది. గూగుల్‌కు రోజూ వచ్చే ప్రశ్నల్లో 15 శాతం అంతకుముందు ఎన్నడూ రానివని ఆ సంస్థే చెబుతూ వచ్చింది. కొత్త సైటుకు చోటు దొరికేది ఆ సందుల్లోనే.

ఒక అవసరానికి ఒక పేజీ. ఇదే సూత్రం. రెండు పేజీలు ఒకే ప్రశ్నకు జవాబు చెబుతుంటే, దేన్ని చూపించాలో ఇంజిన్‌కు తేలదు. వచ్చే లింకులు కూడా రెండింటి మధ్య చీలిపోతాయి.

ఇక రాత. టైటిల్‌లో విషయం ఉండాలి. ‘స్వాగతం’, ‘హోమ్’, ‘వ్యాసం 14’ అన్నవి టైటిళ్ళు కావు. ‘సైకిల్ చైను ఊడిపోతోందా? కారణాలు, సరిచేసే విధానం’ అన్నది టైటిల్. వచ్చినవాడికి తను సరైన చోటికే వచ్చానని మొదటి పేరాలోనే తెలియాలి. లోపలి ఉపశీర్షికలు అలంకారానికి కాదు. వెనక చక్రం బోల్టు వదులవడం, చైను సాగిపోవడం, గేరు మార్చే భాగం వంగిపోవడం అని ఒక్కో కారణానికి ఒక్కో శీర్షిక పెడితే, చదివేవాడు తన బాధ దగ్గరికి నేరుగా దిగుతాడు. బొమ్మకు బదులుగా చదివే పాఠం (ఆల్ట్ టెక్స్ట్) కూడా రాయండి. చూపు లేనివాళ్ళు ఆ పాఠాన్నే వింటారు, బొమ్మల సెర్చ్ కూడా దాన్నే చదువుతుంది.

మరి కీవర్డు, అంటే జనం వెతికే మాట, ఎన్నిసార్లు రావాలి? ఈ ప్రశ్నకు శాతాల్లో జవాబు చెప్పేవాళ్ళను నమ్మకండి. జనం వాడే మాట మీ పేజీలో ఉండాలి, అంతే. మీరు ‘గొలుసు’ అని రాసి, అడిగేవాళ్ళంతా ‘చైను’ అంటుంటే నష్టం మీకే. రెండూ సహజంగా ఒకచోట రానివ్వండి. ఒకే మాటను పేరాకు ఆరుసార్లు కుక్కడం ఒకప్పుడు పనిచేసింది, ఇప్పుడు అది స్పామ్ కింద జమ. 2019లో గూగుల్ బెర్ట్ అనే భాషా నమూనాను సెర్చ్‌లోకి తెచ్చినప్పటినుంచి, వాక్యంలో చిన్న మాటలు కలిగించే అర్థభేదం కూడా లెక్కలోకి వస్తోంది. మెటా కీవర్డ్స్ అనే గడిని గూగుల్ ర్యాంకుకు వాడదని 2009లోనే చెప్పింది. ఇప్పటికీ దాన్ని శ్రద్ధగా నింపే సైట్లు ఉన్నాయి, చూస్తే జాలేస్తుంది.

చిరునామా గురించి చిన్న మాట. తెలుగు అక్షరాలతో చిరునామా పెట్టుకోవచ్చు, ఇంజిన్లు చదువుతాయి. కాకపోతే కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. కాపీ చేసి ఎవరికైనా పంపితే ఒక్కో సంకేతం తొమ్మిది గుర్తులుగా విచ్చుకుని, ఒక చిన్న మాట కాస్తా రెండు వరుసలు ఆక్రమిస్తుంది. ఆంగ్ల అక్షరాల్లో రాసినా సరే. ఏది ఎంచుకున్నా మళ్ళీ మళ్ళీ మార్చకండి.

ఇప్పుడు లింకుల సంగతి. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రాసిన పరిశోధన పత్రం గూగుల్‌కు పునాది. అందులోని పేజ్‌ర్యాంక్ ఆలోచన ఇది: ఒక మనిషి ఏ లక్ష్యమూ లేకుండా లింకులు నొక్కుకుంటూ పోతున్నాడు, అప్పుడప్పుడు విసుగొచ్చి ఎక్కడో కొత్తచోట మొదలుపెడతాడు. అలా తిరిగేవాడు ఏ పేజీలో ఎక్కువసార్లు తేలతాడో ఆ పేజీకి విలువ ఎక్కువ. అంటే లింకుల సంఖ్య ఒక్కటే కాదు, లింకు ఇచ్చినవాళ్ళకు ఎవరు లింకు ఇచ్చారన్నది కూడా లెక్కే. ఎవరూ ఎరగని వెయ్యి పేజీలు మెచ్చుకోవడం కంటే, పదిమంది గౌరవించే ఒక్క పేజీ మీ పేరు చెప్పడం గట్టిది.

ఈ రహస్యం బయటపడగానే లింకుల సంత మొదలైంది. కొన్నారు, అమ్మారు, ఇచ్చిపుచ్చుకున్నారు. గూగుల్ 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పుతో అలాంటివాళ్ళ ర్యాంకులు కూలగొట్టింది. అంతకు ఏడాది ముందు, 2011లో, పసలేని వ్యాసాలు గుట్టలుగా పోసిన సైట్ల పని పాండా అనే మార్పు పట్టింది. 2024 మార్చిలో ప్రకటించిన నియమాల్లో, ర్యాంకుల కోసం పెద్దఎత్తున పేజీలు తయారుచేసి పోయడాన్ని, మనిషి చేసినా యంత్రం చేసినా, స్పామ్‌గానే పేర్కొన్నారు. ‘నెలకు వెయ్యి లింకులు’ అని ఎవరైనా మెయిల్ పంపితే తీసి పారేయండి. ‘మొదటి స్థానం గ్యారంటీ’ అన్నవాళ్ళకు కూడా అదే మర్యాద. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సొంత సూచనల్లోనే రాసింది.

మరి నిజాయితీగా లింకులు ఎలా వస్తాయి? ఇంకెక్కడా లేనిది ఒకటి మీ దగ్గర ఉండాలి. నా సైటులో లింకులు తెచ్చింది వ్యాసాలు కాదు, ఏ చైను ఏ గేరు వ్యవస్థకు సరిపోతుందో చూపే ఒక పట్టిక. చేతులు మసి చేసుకుని కొలిచి తయారుచేసినది. అలాంటిది తయారయ్యాక, దాని అవసరం ఉన్న నలుగురికి చెప్పండి. పైసా ఇచ్చి పెట్టించుకున్న లింకు ఉంటే దానికి కోడ్‌లో స్పాన్సర్డ్ లేదా నోఫాలో గుర్తు, అంటే దీన్ని మెప్పుగా లెక్కించవద్దని ఇంజిన్‌కు చెప్పే మాట, తగిలించాలన్నది నియమం.

అనుభవం, నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయత అనే నాలుగు గుణాల పేరుతో ఇంగ్లీషులో ఈ-ఈ-ఏ-టీ అనే పొడి అక్షరాల మాట చలామణిలో ఉంది. గూగుల్ తన నాణ్యత పరిశీలకులకు ఇచ్చే మార్గదర్శకాల్లోది అది. అందులో అనుభవం అన్నది 2022 డిసెంబరులో చేరింది. దానికి మార్కుల మీటరు ఏదీ లేదు. పరిశీలకులు ఇచ్చే అంచనాలు నేరుగా మీ ర్యాంకును మార్చవు. దాన్ని ఒక ప్రశ్నగా వాడుకోండి: ఇది రాసినవాడు ఈ పని చేసినవాడేనని చదివేవాడికి ఎలా తెలుస్తుంది? మీరు తీసిన ఫొటో, మీరు చేసిన పొరపాటు, మీరు కొలిచిన కొలత. ఆరోగ్యం, డబ్బు లాంటి విషయాల్లో రాస్తుంటే రాసేదెవరో, ఏ అర్హతతో రాస్తున్నారో చెప్పడం మరీ ముఖ్యం.

వేగం విషయంలో అతిగా పోకండి, అలాగని వదిలేయకండి. గూగుల్ చెప్పే మూడు కొలతలు ఉన్నాయి. తెరమీద అన్నిటికన్నా పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి. చదువుతుండగా రాత ఎగిరెగిరి పడే కొలత 0.1 దాటకూడదు. రెండో కొలత 2024 మార్చిలో పాతదాని స్థానంలో వచ్చింది. సాధారణంగా ఆలస్యానికి కారణం పెద్ద బొమ్మలు, అవసరంలేని విడ్జెట్లు. గూగుల్ ఇప్పుడు పేజీని ప్రధానంగా ఫోను రూపంలోనే చదువుతుంది. ఫోనులో దాచేసి, కంప్యూటర్‌లో మాత్రమే చూపించే రాత ఉంటే అది లేనట్టే లెక్క. హెచ్‌టీటీపీఎస్ 2014నుంచి చిన్న ఆనవాలు. ఇవన్నీ సమవుజ్జీలు తలపడినప్పుడు తేడా చూపే విషయాలు. పసలేని పేజీని మెరుపువేగంతో చూపించినా పస రాదు.

6. కనిపిస్తోంది, ఎవరూ నొక్కడం లేదు

కన్సోల్‌లో ఇంప్రెషన్లు, అంటే ఫలితాల్లో మీ పేజీ కనిపించిన సార్లు, బాగా ఉండి క్లిక్కులు లేకపోతే గొడవ ఇక్కడే. టైటిల్ కింద వచ్చే రెండు వరుసల వివరణను మీరు మెటా డిస్క్రిప్షన్‌గా రాసి ఇవ్వవచ్చు. ర్యాంకుకు అది లెక్క కాదు. గూగుల్ దాన్ని వాడకుండా పేజీలోంచి వేరే వాక్యం ఎత్తుకోవచ్చు కూడా. అయినా రాయండి, ముఖ్యమైన పేజీలకైనా. దుకాణం బోర్డులా కాకుండా జవాబులో మొదటి తునక చేతిలో పెట్టినట్టు ఉండాలి.

స్కీమా.ఆర్గ్ అన్న పదజాలంతో పేజీలో ఇది వంటకం, ఇది వస్తువు, ఇది కార్యక్రమం అని యంత్రానికి అర్థమయ్యేలా గుర్తులు పెట్టవచ్చు. 2011లో పోటీ కంపెనీలు కలిసి మొదలుపెట్టిన పదజాలమిది. దానివల్ల ఫలితంలో బొమ్మ, నక్షత్రాల రేటింగ్ లాంటివి రావచ్చు. వస్తాయన్న హామీ లేదు. ప్రశ్నజవాబుల గుర్తులతో ఫలితాన్ని పొడిగించుకునే వీలును గూగుల్ 2023లో చాలా సైట్లకు తీసేసింది. పాత పాఠాలు చూసి ఆ పని మీద కూర్చోకండి. ఫలితాల పైనే యంత్రం జవాబు చెప్పేస్తున్న ప్రశ్నలు ఇప్పుడు పెరిగాయి. రెండు ముక్కల్లో తేలిపోయే జవాబుకు క్లిక్కు రాదు. కొలతలు, ఫొటోలు, దశలు చూడవలసిన పనికి ఇంకా వస్తుంది.

7. కొలవండి, ఆ తర్వాత కాస్త ఆగండి

కన్సోల్‌లో పనితీరు నివేదిక తెరిచి, ఒక పేజీని ఎంచుకుని, అది ఏ ప్రశ్నలకు కనిపిస్తోందో చూడండి. సగటు స్థానం 8నుంచి 20 మధ్య ఉండి ఇంప్రెషన్లు ఉన్న ప్రశ్నలను ఏరుకోండి. ఇంజిన్ ఇప్పటికే మీ పేజీని ఆ ప్రశ్నతో ముడిపెట్టింది, ఇంకొంచెం బలం కావాలి అని దానర్థం. తరచుగా ఆ ప్రశ్నకు మీ పేజీలో ఒక్క వాక్యంలో సరిపెట్టి ఉంటారు. అక్కడ ఒక భాగం రాయండి, మీ మిగతా పేజీలనుంచి దానికి రెండు లింకులు ఇవ్వండి. ఇందులో లెక్కలు 16 నెలలకు మించి ఉండవు కనక, ఏడాదికొకసారి దింపుకుని దాచుకోండి.

ఒక పుస్తకంలో తేదీ, పేజీ, చేసిన మార్పు రాసుకోండి. ఒకేసారి ఐదు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో బ్రహ్మకైనా తెలియదు. కొన్ని మార్పులకు ఫలితం గంటల్లో కనిపిస్తుంది, కొన్నిటికి నెలలు పడుతుంది. వారంపాటు స్థానం అటూఇటూ ఊగినంతమాత్రాన అన్నీ తిరగరాయకండి. గూగుల్ ఏడాదిలో కొన్నిసార్లు కోర్ అప్‌డేట్ పేరుతో పెద్ద మార్పులు ప్రకటిస్తుంది. పడిపోయిన తేదీ వాటితో కలుస్తోందేమో ముందు చూడండి.

పేజీ చిరునామా మార్చవలసి వస్తే పాతదాన్నుంచి కొత్తదానికి 301 పెట్టి, కనీసం ఏడాదిపాటు ఉంచండి. పాత పేజీలన్నిటినీ ముఖపుటకు మళ్ళించడం తప్పు. ఏ పేజీ స్థానంలో ఏది వచ్చిందో దానికే మళ్ళించాలి. ప్రచురణ తేదీ ఒక్కటే మార్చి కొత్తదిగా చూపించే తెలివి కూడా వద్దు, లోపల ఏదైనా మారితేనే తేదీ మార్చండి.

నా పుస్తకంలో మొదటి వరుస నోఇండెక్స్ తీసిన రోజుది. కన్సోల్‌లో మళ్ళీ చూడమని అడిగాక ఐదో రోజున చైను వ్యాసాలు ఫలితాల్లోకి వచ్చాయి, ఎక్కడో నాలుగో పేజీ అడుగున. ఒకటి కాదు, ఆ మూడు నెలల్లో నేను రాసిన నాలుగూ, ఒక్కోరోజు ఒక్కటి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. రెండో వరుస అది చూశాక రాసింది: నాలుగింట్లో ఉన్న మంచి ముక్కలు ఒకే వ్యాసంలోకి చేర్చాను, మూడింటిని దానికి 301తో మళ్ళించాను.